తలకు దెబ్బ తగిలిన తోబుట్టువు మళ్లీ తన కాళ్ల మీద నిలబడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా తమ్ముడు బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాక, ఆస్పత్రి వరండాల్లో, థెరపీ గదుల బయట బెంచీల మీద చాలామంది అక్కలు, అన్నలు, చెల్లెళ్లు పరిచయమయ్యారు. అటు తిప్పి ఇటు తిప్పి అందరూ అడిగేవి ఇవే. నేను డాక్టర్ని కాను, మందుల విషయంలో మీ న్యూరో డాక్టర్ మాటే వినండి. ఇంటికొచ్చాక మొదలయ్యే స్నానాలు, కోపాలు, డబ్బులు, బండి తాళాలు, సర్టిఫికెట్ల గొడవ డిశ్చార్జ్ సమ్మరీలో ఉండదు. ఇక్కడ రాస్తున్నది దాని గురించే. "తమ్ముడు" అన్న చోట మీ అన్ననో, చెల్లినో పెట్టుకుని చదవండి.

కళ్లు తెరిచాడు, నన్ను గుర్తుపట్టాడు. ఇక నయమైనట్టేనా?

కాదు. స్పృహ వచ్చాక చాలామందికి ఒక అయోమయ దశ ఉంటుంది. పొద్దున మీరు చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆస్పత్రిని ఆఫీసు అనుకుంటాడు. ముక్కులో గొట్టం పీకేస్తాడు, ఎప్పుడూ నోట రాని బూతులు వస్తాయి. మెదడు కొత్త జ్ఞాపకాల్ని ఇంకా పట్టుకోలేకపోతోంది, అంతే. ఇది కొందరికి గంటలు, కొందరికి వారాలు ఉంటుంది. ఎంతకాలం ఉందన్న దాన్ని బట్టి కూడా దెబ్బ ఎంత పెద్దదో డాక్టర్లు అంచనా వేస్తారు. అందుకే నిన్నటి సంగతి ఇవాళ వరసగా చెప్పగలిగిన తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి, తర్వాత ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

చూడ్డానికి వచ్చే చుట్టాలను మాత్రం కాస్త కట్టడి చేయండి. ప్రతి ఒక్కరూ మంచం దగ్గర నిలబడి "నేనెవర్ని చెప్పు చూద్దాం" అని పరీక్ష పెడతారు. చెప్పలేకపోతే వాడికి అవమానం, మీకు ఏడుపు. "నేను కొత్తగూడెం బాబాయిని రా, చూసిపోదామని వచ్చా" అని వాళ్లే చెప్పాలి. ఒకరి తర్వాత ఒకరు, అయిదు నిమిషాలు చాలు.

జీసీఎస్ 7 అని రాశారు. అంటే ఏమిటి?

గ్లాస్గో కోమా స్కేల్. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతుల కదలికకు 6, మొత్తం 15 మార్కులు. ఏ స్పందనా లేకపోయినా 3 వస్తుంది. 13 నుంచి 15 వరకు తేలికపాటి దెబ్బ, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం. అది చేర్చిన రోజు పరిస్థితి మాత్రమే. రెండేళ్ల తర్వాత మీ తమ్ముడు తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకుంటాడా లేదా అన్నది ఆ ఒక్క అంకె తేల్చదు.

మామూలు మనిషి కావడానికి ఎంతకాలం పడుతుంది?

మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది. రెండేళ్ల దాకా తెలుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత కూడా ఆగదు, నెమ్మదిస్తుంది. చిక్కేమిటంటే చాలామందిలో నడక ముందు వస్తుంది. జ్ఞాపకం, ఓపిక, విచక్షణ వెనక వస్తాయి. వీధిలోవాళ్లు నడకే చూస్తారు. "బాగైపోయాడుగా, ఇంకా ఆస్పత్రికి తిప్పుతున్నారేంటి?" అంటారు. వాళ్లకు సమాధానం చెప్పే బాధ్యత మీకేం లేదు.

పుర్రె ఎముక తీసి పొట్టలో పెట్టారు. ఇంట్లో ఏం జాగ్రత్త?

మెదడు వాపుకు చోటివ్వడానికి ఎముక ముక్క తీసి, పొట్ట చర్మం కింద గానీ ఫ్రీజర్లో గానీ దాస్తారు. కొన్ని వారాల నుంచి నెలల తర్వాత మళ్లీ అమరుస్తారు. అప్పటిదాకా ఆ వైపు ఒత్తిగిలి పడుకోనివ్వకండి, మంచం దిగేటప్పుడు, బాత్రూంకి వెళ్లేటప్పుడు పక్కన ఉండండి. లేచి తిరుగుతుంటే తలకు రక్షణగా ఏం పెట్టాలో సర్జన్ని అడగండి. ఆ చోటు ఉబ్బి గట్టిపడినా, మగతగా ఉన్నా, వాంతులవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా రేపటిదాకా ఆగొద్దు. ఎముక పెట్టాక కూడా, బాగా నడుస్తున్నవాడు మళ్లీ తడబడుతూ, మూత్రం ఆపుకోలేక, మందకొడిగా తయారైతే తలలో నీరు చేరిందేమో చూపించాలి. దాన్ని "మళ్లీ మొదటికొచ్చింది మా ఖర్మ" అని వదిలేసే ఇళ్లున్నాయి, షంట్ (తలలో చేరిన నీటిని బయటికి మళ్లించే సన్నటి గొట్టం) వేస్తే తేరుకునే కేసులవి.

ఫిట్స్ వస్తే?

పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి, టైం చూసుకోండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పొయ్యడం వద్దు. తాళాలతో ఫిట్స్ ఆగవు. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో అదే ఆగుతుంది, ఘనత తాళాలకు పోతుంది. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108 కి ఫోన్ చేయండి. "వచ్చి ఏడాదైందిగా" అని మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ఇంకో సంగతి: ఫిట్స్‌కి ఎక్కువగా రాసే లెవెటిరాసిటామ్ కొందరిలో చిరాకు, కోపం పెంచుతుంది. అది మొదలెట్టాకే మనిషి మరీ మండిపడుతున్నాడనిపిస్తే డాక్టర్‌కి చెప్పండి, మార్చడానికి వేరే మందులున్నాయి.

ఇంతకుముందు నెమ్మదస్తుడు. ఇప్పుడు చిన్నదానికే గిన్నెలు విసురుతున్నాడు. ఏం చేయాలి?

నుదుటి వెనక ఉండే మెదడు భాగం మన కోపానికి బ్రేకు వేస్తుంది. దెబ్బలకు తరచూ నలిగేదీ ఆ భాగమే. అందుకే కోపం వచ్చాక ఆపుకోమని చెప్పడం కన్నా, రాకముందే చూసుకోవడం మేలు. ఒక వారం పాటు కాగితం మీద రాయండి: ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఏం జరిగింది. మా ఇంట్లో రాస్తే ఎక్కువభాగం సాయంత్రం ఆరు, ఏడు మధ్యే అని తేలింది. టీవీ, కుక్కర్ విజిల్, నాన్న ఫోన్లో గట్టిగా మాట్లాడటం, అన్నీ ఒకేసారి. అలసిన మెదడు అన్ని శబ్దాల్ని వడపోయలేదు. సాయంత్రం వాడికి గదిలో ఓ గంట విశ్రాంతి, హాల్లో టీవీ బంద్. కోపం పోలేదు గానీ తగ్గింది.

మండుతున్నప్పుడు వాదించకండి. "సరే, కాసేపాగి మాట్లాడదాం" అని పక్కకు జరగండి. చల్లారాక పదే పదే తవ్వకండి, ఏం చేశాడో వాడికి సగం గుర్తుండకపోవచ్చు. కానీ చెయ్యి చేసుకోవడం మొదలైతే "పాపం దెబ్బ తగిలినవాడు" అని భరించడం సరికాదు. అది వైద్యం చేయాల్సిన లక్షణం. సైకియాట్రిస్ట్ దగ్గరకు తీసుకెళ్లండి.

"నాకేం కాలేదు, నన్నొదిలేయండి" అంటాడు. మొండితనమా?

చాలాసార్లు కాదు. తన లోపం తనకు తెలియకపోవడం కూడా దెబ్బ వల్ల వచ్చేదే. తెలిసి ఒప్పుకోకపోవడం వేరు, అసలు తెలియకపోవడం వేరు. తెలియనివాడితో వాదిస్తే మీరు శత్రువవుతారు. చిన్నగా, ప్రమాదం లేని చోట తననే చేసి చూడనివ్వండి. "కిరాణా కొట్లో ఈ అయిదు వస్తువులు తీసుకురా, చీటీ కావాలా, వద్దా?" వద్దంటాడు. మూడు తెస్తాడు. నవ్వకుండా, "చూశావా" అనకుండా ఉండగలిగితే, రెండోసారో పదోసారో చీటీ తనే అడుగుతాడు.

రోజంతా పడుకునే ఉంటాడు. బద్ధకం కదా?

రెండు వేర్వేరు సంగతులు కలిసి బద్ధకంలా కనిపిస్తాయి. ఒకటి అలసట: పేపర్లో ఒక వార్త చదవడం కూడా దెబ్బ తిన్న మెదడుకు పెద్ద పనే. రెండోది మొదలుపెట్టలేకపోవడం. చేయాలని ఉంటుంది, ఎలా చేయాలో తెలుసు, కానీ కిక్ కొడితే గానీ స్టార్ట్ కాని పాత బండిలా పక్కన ఎవరో కదిలించాలి. "ఏమైనా చెయ్యరా" అంటే కదలడు. "లే, బ్రష్ తీసుకో" అంటే లేస్తాడు. ఇవి కాక మూడోది ఉండొచ్చు, దిగులు. తిండి మీద, నిద్ర మీద, ఇష్టమైన క్రికెట్ మీద కూడా ఆసక్తి పోతే డిప్రెషన్‌కి మందులున్నాయి, చూపించండి.

స్నానం, బట్టలు, భోజనం... ఎంతవరకు సాయం చేయాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం. మన ఇళ్లలో ప్రేమంటే చేసిపెట్టడం. అమ్మ అన్నం కలిపి పెడుతుంది, నాన్న చెప్పులు తొడుగుతాడు, వదిన బట్టలు తీసిస్తుంది. వాడు చేస్తే ముప్పావు గంట, మనం చేస్తే అయిదు నిమిషాలు. ఆ నలభై నిమిషాలు మనం ఆదా చేసుకుంటున్నాం, వాడు నేర్చుకునే అవకాశం పోతోంది.

థెరపిస్టులు మాకు నేర్పిన పద్ధతి ఇది. పనిని ముక్కలు చేయాలి. చొక్కా వేసుకోవడమంటే: మంచం మీద పరచడం, పట్టు లేని చెయ్యి ముందు దూర్చడం, వెనక్కి లాగడం, రెండో చెయ్యి, గుండీలు. మొదట్లో అన్నీ మనం చేసి చివరి గుండీ ఒక్కటే వాడితో పెట్టించాలి. అది వచ్చాక చివరి రెండు. ఇలా చివర నుంచి మొదటికి వస్తే ప్రతిసారీ పని పూర్తిచేసింది తనే అవుతాడు. రోజూ అదే వరస, అదే చోటు, వీలైతే అవే మాటలు. అమ్మ ఒక వరస, మీరొక వరస చెబితే కుదరదు. ఇది ఇంట్లో అందరితో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, అమ్మను ఒప్పించడమే కష్టం.

జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవాళ్లకు "ఊహించి చెప్పు" అనే ఆట పనిచేయదు. తప్పు చెబితే ఆ తప్పే మెదడులో నాటుకుంటుంది. ముందే సరైన జవాబు చెప్పి, తర్వాత సాయం కొంచెం కొంచెం తగ్గించాలి. "మాత్రలు ఎక్కడున్నాయి?" అని పరీక్షించకుండా "మాత్రలు టీవీ పక్క నీలం డబ్బాలో ఉన్నాయి, తీసుకో" అనండి. కొన్ని వారాలకు "మాత్రలు..." అని ఆపితే చెయ్యి తనే అటు వెళ్తుంది.

మాట సాయం కూడా తగ్గాలి. మొదట పక్కన నిలబడి చెప్పడం, తర్వాత తలుపు బయట నుంచి, ఆ తర్వాత గోడమీద కాగితం, చివరికి ఫోన్ అలారం. బాత్రూంలో జారకుండా రబ్బరు మ్యాట్, పట్టుకోవడానికి కడ్డీ, కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ, గడియ లోపల వేసుకోకూడదన్న ఒప్పందం. ఇవి ఉంటే మీరు బయటే ఉండొచ్చు. తమ్ముడికి అక్క స్నానం చేయించడం ఇద్దరికీ ఇబ్బందే. ఆ ఇబ్బంది త్వరగా తీరే దారి కూడా ఇదే.

ఏదీ గుర్తుండటం లేదు. బాదం, బ్రాహ్మి, మెమరీ గేములు పనిచేస్తాయా?

బాదం తిననివ్వండి, నష్టం లేదు. ఆయుర్వేదం మాత్రల సంగతి న్యూరో డాక్టర్‌తో చెప్పకుండా మొదలెట్టొద్దు, ఫిట్స్ మందులతో పొసగనివి ఉండొచ్చు. ఫోన్లో గేములు ఆడితే ఆ గేముల్లో స్కోరు పెరుగుతుంది, పాల ప్యాకెట్ తేవడం గుర్తుండటానికి అది పెద్దగా సాయపడదు. నిజంగా పనికొచ్చేవి బయట పెట్టుకునే జ్ఞాపకాలు: పెద్ద అంకెల క్యాలెండర్, రోజూ ఒకేచోట ఉండే నోటుపుస్తకం, వారం రోజుల అరలున్న మాత్రల డబ్బా, పేరుతో మోగే అలారాలు. పుస్తకంలో రాసింది తనే కొట్టేయాలి. మీరు కొట్టేస్తే అది మీ పుస్తకమవుతుంది.

మాట ముద్దగా వస్తోంది, పదాలు దొరకట్లేదు...

స్పీచ్ థెరపీ ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. మీ వంతుగా: వాక్యం మధ్యలో మీరే పూర్తి చేసేయకండి, పదిదాకా మనసులో లెక్కపెట్టండి. "కాఫీనా, టీనా" అని రెండే ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, వాడు ఎదురుగా ఉండగా డాక్టర్‌తో వాడి గురించి "అతను" అని మాట్లాడకండి. మాట రానివాళ్లలో చాలామందికి అర్థం కావడం బాగానే ఉంటుంది.

థెరపీకి ఎక్కడికి వెళ్లాలి?

ఆపరేషన్ చేసిన చోటే రిహాబ్ (పునరావాస చికిత్స) విభాగం ఉందేమో ముందు అడగండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరలాజికల్ రిహాబిలిటేషన్‌కి ప్రత్యేక విభాగం ఉంది. వెల్లూరు సీఎంసీకి బాగాయంలో రిహాబ్ కేంద్రం ఉంది, తోడుగా ఉన్నవాళ్లకూ అక్కడ నేర్పుతారు. మాటకు సంబంధించి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ (మాట, వినికిడి లోపాల కోసం ఉన్న జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉంది. నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం (సీఆర్‌సీ) ఉంది. దూరం పోలేనివాళ్లు కనీసం ఒక్కసారి మంచి ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌తో (రోజువారీ పనులు మళ్లీ నేర్పేవాళ్లు) ఇంటి ప్లాన్ రాయించుకుని, ఊళ్లో ఫిజియోతో నడిపించండి. రోజూ ఇంట్లో అరగంట చేసేది, నెలకోసారి పట్నంలో చేసే గంట కన్నా ఎక్కువ.

ఒక్కడినే బయటికి పంపొచ్చా? చేతికి డబ్బివ్వొచ్చా?

పంపాలి, మెట్లు మెట్లుగా. మొదట కలిసి, తర్వాత మీరు పది అడుగులు వెనక, తర్వాత కొట్టువాడికి చెప్పి ఒక్కడినే. జేబులో పేరు, మీ నంబరు, వేసుకునే మందులు రాసిన కార్డు. ఫోన్లో లొకేషన్ పెట్టేముందు వాడికి చెప్పి పెట్టండి.

డబ్బు దగ్గర భయం నిజమైనదే. విచక్షణ తగ్గినవాడు ఎవరడిగినా ఇచ్చేస్తాడు, ఓటీపీ చెప్పేస్తాడు. అలాగని అంతా లాక్కుంటే పెద్దవాడైన మనిషి పది రూపాయల టీకి చెయ్యి చాపాల్సి వస్తుంది. పెద్ద మొత్తం ఉన్న ఖాతాకు యూపీఐ తీసేసి, వారం ఖర్చు మాత్రం ఉండే చిన్న ఖాతా ఒకటి ఇవ్వండి. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌తో మీ ఖాతా నుంచి తను కట్టేలా, ప్రతి చెల్లింపుకూ మీరు ఒప్పుకుంటేనే వెళ్లేలా పెట్టుకోవచ్చు.

బండి తాళాలు అడుగుతున్నాడు.

డాక్టర్ రాసిచ్చేదాకా ఇవ్వొద్దు. ఫిట్స్ వచ్చినవాళ్ల సంగతి మరీ గట్టిది: లైసెన్సుకిచ్చే ఫారం 1లోనే మూర్ఛ ఉందా, ఉన్నట్టుండి స్పృహ తప్పుతుందా అని అడుగుతారు. ఫిట్స్ లేకపోయినా, పక్క నుంచి వచ్చే వాహనాన్ని చూసి స్పందించే వేగం తగ్గి ఉండొచ్చు. ఈ "వద్దు" మీ నోటి నుంచి రాకుండా డాక్టర్ నోటి నుంచి రానివ్వండి. తాళాలు దాచి "కనపడట్లేదు" అని అబద్ధమాడటం కన్నా, బండిని కొన్నాళ్లు చిన్నాన్న వాళ్లింట్లో పెట్టడం నయం. మద్యం విషయంలో కూడా ఇంతే ఖచ్చితం. తలకు దెబ్బ తగిలాక కొద్ది తాగుడే ఎక్కువ పనిచేస్తుంది, ఫిట్స్‌ని పిలుస్తుంది. పాత స్నేహితులకు మీరే చెప్పండి.

సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ వస్తుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. వాటిలో "తలకు దెబ్బ" అని విడిగా లేదు. కాబట్టి దెబ్బ ఏం మిగిల్చిందో దాన్ని బట్టి కొలుస్తారు: చెయ్యీ కాలూ పడిపోతే చలన వైకల్యం, మాట పోతే భాషా వైకల్యం, చూపు, వినికిడి, మానసిక సమస్య, లేదా ఇవన్నీ కలిపి. ప్రయోజనాలు చాలావాటికి కనీసం 40 శాతం ఉండాలి. నడక బాగుండి జ్ఞాపకం, ప్రవర్తన దెబ్బతిన్నవాళ్లకు ఇక్కడే అన్యాయం జరుగుతుంది. క్యాంపులో అయిదు నిమిషాలు చూస్తే ఏమీ తెలియదు. న్యూరోసైకాలజీ పరీక్షల (జ్ఞాపకం, ఆలోచన ఎంత దెబ్బతిన్నాయో కొలిచేవి) రిపోర్టు, సైకియాట్రిస్ట్ నోటు పట్టుకెళ్లండి.

పెన్షన్ ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగులకు నెలకు 6,000. మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. ఉద్యోగం చేసే అక్కలు, అన్నలకు ఒక మాట: ఆదాయపు పన్నులో వైకల్యం ఉన్నవాళ్ల పోషణకు వచ్చే మినహాయింపులో (1961 చట్టంలో 80డీడీ) మీ మీద ఆధారపడ్డ తోబుట్టువు కూడా వస్తాడు, పాత పన్ను విధానంలో ఉంటే.

యాక్సిడెంట్ కేసు సంగతి?

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయాలి. మీరు ఐసీయూ బయట కూర్చున్నప్పుడే ఆ గడువు నడుస్తూ ఉంటుంది. ఎఫ్‌ఐఆర్, ఆస్పత్రి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం ఆస్పత్రి రాసే రికార్డు), బిల్లులు, ఆయాకిచ్చిన జీతం రసీదులు, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. సర్టిఫికెట్‌లో శాతం ఎంతున్నా, ఆ మనిషి సంపాదించే శక్తి ఎంత పోయిందన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. కారు నడిపి బతికేవాడికి 40 శాతం వైకల్యమంటే సంపాదన మొత్తం పోవడమే కావొచ్చు. లాయర్‌తో ఈ మాట గట్టిగా అనండి. ఎదుటి వాహనం లేకుండా తనే పడితే, తన బండి అయి, లైసెన్స్ ఉండి, ఇన్సూరెన్సుతో పాటు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తీసుకుని ఉన్నాడేమో చూడండి. అందులో శాశ్వత పూర్తి వైకల్యానికి కూడా డబ్బొస్తుంది.

ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లొచ్చు?

తొందరపడి వెళ్లి దెబ్బతిని తిరిగి రావడం కన్నా, ఆలస్యంగా, రోజుకు రెండు గంటలతో మొదలెట్టడం మేలు. ప్రభుత్వ ఉద్యోగి అయితే, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదు. 2016 చట్టం 20వ సెక్షన్ ప్రకారం అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. ఎవరైనా రాజీనామా పత్రం మీద సంతకం పెట్టమంటే పెట్టనివ్వకండి.

పెళ్లి చేస్తే దారిలో పడతాడంటున్నారు.

పడడు. ఇంకో ఇంటి అమ్మాయి జీతం లేని నర్సు అవుతుంది, ముందే చెప్పకపోతే మోసం కూడా. తనకు తనే ఒక మనిషిని ఇష్టపడి, అన్నీ చెప్పి చేసుకుంటే అది వేరే సంగతి. ఆ హక్కు వాడికుంది.

అమ్మానాన్నల తర్వాత బాధ్యత నాదే. నా సంసారం, నా ఉద్యోగం ఏమవ్వాలి?

ఈ మాట పైకి అన్నవాళ్లు తక్కువ, లోపల అనుకోనివాళ్లు లేరు. పెళ్లయిన అక్కకు అత్తింటి మాట, అన్నకు వదినతో గొడవ, చదువుకునే చెల్లికి ఆగిపోయిన చదువు. అమ్మానాన్నలు ఓపికగా ఉన్నప్పుడే కూర్చుని మాట్లాడండి: ఇల్లు ఎవరి పేరున, నెలకు ఖర్చు ఎక్కడినుంచి, ఎవరింట్లో ఎన్నాళ్లు. తమ్ముడు కూడా ఆ మాటల్లో కూర్చోవాలి. ఆస్తి మొత్తం మీ పేరున రాసేసి "నువ్వు చూసుకో" అనడం మీకు, వాడికి, ఇద్దరికీ ప్రమాదమే. సంతకాల విషయంలో వాడికి నిజంగా సాయం అవసరమైతే 2016 చట్టంలోనే పరిమిత సంరక్షకత్వం ఉంది. అందులో సంరక్షకుడు తన ఇష్టం వచ్చినట్టు నిర్ణయించడు, ఇద్దరూ కలిసి నిర్ణయించాలి.

వారంలో ఒక పూట మీది. ఆ పూట ఎవరు ఉంటారో క్యాలెండర్‌లో పేరు రాయండి. "ఎవరో ఒకరు ఉంటార్లే" అంటే మీరే ఉంటారు. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా 14416 టెలిమానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి కూడా ఎత్తుతారు. తమ్ముడి కోసం కాదు, మీ కోసం చేయొచ్చు.